ఎముకకు పాకినా... కాలు నిలుస్తుంది!

* చక్కెర వ్యాధి పుండు ఎముకను తాకితే కాలు తీసేయడమేనని భయం
* వేళకు గుర్తించి, ఆరు వారాలు ఓపిక పడితే ఎందరికో ఆ ముప్పు తప్పుతుంది
* సగంలో మందు మానేయడమే అసలు ప్రమాదం

రాయవేలూరు:
పొద్దున్నే వాకిలి ఊడుస్తున్న ఇల్లాలి చూపు గడప పక్కన విడిచిన చెప్పుల మీద పడింది. ఎడమ చెప్పు మీద ఎండిన రక్తపు మరక. ‘‘ఏమయ్యా, కాలికేమైంది?’’ అని కేకేసింది. ఆయన కాలు పైకెత్తి చూసుకున్నాడు. బొటనవేలి కింద అర్ధరూపాయంత పుండు. ‘‘ఎప్పుడైందో ఏమో... నొప్పే లేదు’’ అన్నాడు.

పసుపు అద్దారు. మందుల షాపులో అడిగి ఐదు రోజులకు మాత్రలు తెచ్చుకున్నారు. పైన చెక్కు కట్టింది. మానిందనుకున్నారు. పది రోజులకు మళ్లీ పగిలింది. మళ్లీ మాత్రలు. ఇలా రెండు నెలలు గడిచాయి. ఈలోగా వేలు వాచి, ఎర్రబడి, లావెక్కింది. ఎక్స్‌రే తీయిస్తే ‘ఎముకకు పట్టింది’ అన్నారు. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. ‘‘కాలు తీసేస్తారంట’’ అని ఒకరు. ‘‘మా మామకీ ఇట్లాగే వేలితో మొదలై మోకాలి దాకా పోయింది’’ అని ఇంకొకరు.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. వేలూరు, గుడియాత్తం, హోసూరు, బళ్లారి, సోలాపూర్, బరంపురం, యానాం... తరాలుగా తెలుగువాళ్లు స్థిరపడిన ఏ ఊళ్లో వీధి అరుగు మీద కూర్చున్నా ఇలాంటి మాటే చెవిన పడుతుంది. చక్కెర వ్యాధి అంతగా ముదిరింది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా సర్వే చేసి 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. దేశ సగటు 11.4 శాతం. యానాం కూడా భాగమైన పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో అది 26.3 శాతం. అంటే పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి పైమాటే.

వీరిలో ఎవరి కాలికి పుండు పడినా, అది ఎముకను చేరినా మొదట గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఎముకకు పాకడమంటే కాలు పోయినట్టు కాదు. అలాగని ఐదు రోజుల మాత్రలతో తీరేదీ కాదు.

నొప్పి లేకపోవడమే ముప్పు

ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే పాదాలకు వెళ్లే నరాలు మొద్దుబారతాయి. మొదట తిమ్మిర్లు, మంటలు. తర్వాత స్పర్శే ఉండదు. చెప్పులో చిన్న రాయి చేరినా, మేకు దిగినా, వేడి తారురోడ్డు మీద చర్మం కాలినా తెలియదు. మామూలు మనిషి అయితే నొప్పికి కుంటుతూ నడుస్తాడు. ఆ కుంటడమే పుండుకు విశ్రాంతి. నొప్పి తెలియని మనిషి పుండు మీదే బరువు మోపి ఎప్పటిలాగే నడుస్తాడు. పుండు లోతుకు పోతుంది.

కాలివేళ్లలో చర్మానికీ ఎముకకూ మధ్య కండ చాలా తక్కువ. అందుకే అక్కడ పడిన పుండు త్వరగా ఎముకను చేరుతుంది. మధుమేహుల పాదాల్లో ఎముక ఇన్ఫెక్షన్ దాదాపుగా ఇలా పైనున్న పుండు నుంచి లోపలికి పాకేదే. దీన్నే డాక్టర్లు ‘ఆస్టియోమైలైటిస్’ అంటారు. దీనికి తోడు కాలికి రక్తం మోసుకెళ్లే గొట్టాలు పూడుకుపోయి ఉంటే మానే శక్తి తగ్గిపోతుంది. బీడీ, సిగరెట్ అలవాటున్న వారిలో ఇది మరీ ఎక్కువ.

ఎలా తెలుస్తుంది?

రెండు మూడు వారాలు గడిచినా మానని పుండు, లోపల తెల్లగా ఎముక కనిపించడం, వేలు మొత్తం ఎర్రగా ఉబ్బిపోవడం, మానినట్టే మాని అదే చోట మళ్లీ పగలడం... ఇవి అనుమానించాల్సిన గుర్తులు.

ఆస్పత్రిలో మొదటి పరీక్షకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. శుభ్రం చేసిన మొద్దుమొన సన్నటి లోహపు పుల్లను పుండులోకి మెల్లగా దించుతారు. అడుగున గట్టిగా ‘టక్’మని తగిలితే ఎముకను చేరిందని అనుమానం బలపడుతుంది. రక్తంలో ఈఎస్ఆర్ 70 దాటితే ఆ అనుమానం ఇంకా పెరుగుతుంది.

తర్వాత ఎక్స్‌రే. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఎముక చెడటం మొదలైన రెండు మూడు వారాల దాకా ఎక్స్‌రేలో మార్పు కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగానే ఉందన్నారు’ అని ఊరుకుంటే నష్టమే. పుండు మానకపోతే రెండు మూడు వారాల తర్వాత మళ్లీ తీయించాలి. అప్పటికీ తేలకపోతే ఎమ్మారై.

పుండే లేకుండా పాదం ఉన్నట్టుండి వేడెక్కి వాచిపోతే అది ఇన్ఫెక్షన్ కాకపోవచ్చు. నరాలు దెబ్బతిన్న పాదంలో ఎముకలు, కీళ్లు తమంతట తామే విరిగి కుంగే ‘షార్కో పాదం’ కావచ్చు. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. కాలు కదలకుండా కట్టు వేయాలి. రెండింటినీ వేరు చేయడం అనుభవమున్న డాక్టరు పని.

పైచీము కాదు... ఎముక ముక్క!

ఏ సూక్ష్మజీవి చేరిందో తెలిస్తేనే సరైన మందు దొరుకుతుంది. పుండు మీద దూదిపుల్ల రాసి పరీక్షకు పంపితే చర్మం మీద ఊరికే ఉండే క్రిములు కూడా అందులో కనిపిస్తాయి. లోపల ఎముకలో ఉన్నది వేరే కావచ్చు. అందుకే వీలైనచోట చిన్న ఎముక ముక్క తీసి కల్చర్ పరీక్షకు పంపాలని అంతర్జాతీయ మధుమేహ పాద నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లోనూ చెప్పింది. జ్వరం, చీము లేక స్థిమితంగా ఉన్న రోగికైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ముక్క తీయడం మేలు.

ఎక్కువగా కనిపించేది ‘స్టెఫైలోకాకస్ ఆరియస్’ అనే క్రిమి. మనలాంటి వేడి ప్రాంతాల్లో ‘సూడోమోనాస్’ వంటివి కూడా తరచూ ఉంటాయి. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. పక్కింటాయనకు తగ్గించిన మాత్ర మనకూ తగ్గిస్తుందనుకోవడం అందుకే పొరపాటు.

మందా? కత్తా?

ఎముక చెడిందనగానే కోసి తీసేయాల్సిందేనని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. ఇప్పుడు ఆ పట్టు సడలింది. స్పెయిన్‌లో డాక్టర్లు ఒక పరీక్ష చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. పుండు ఎముకకు పాకినా రక్తప్రసారం బాగున్న, కణజాలం కుళ్లని రోగులను రెండు జట్లు చేశారు. యాంటీబయాటిక్ మందులే ఇచ్చిన 24 మందిలో 18 మందికి, చెడిన ఎముకను మాత్రం తొలగించిన 22 మందిలో 19 మందికి పుండు మానింది. రెండు దారుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

ఎన్నాళ్లు వాడాలన్నది తర్వాతి ప్రశ్న. ఫ్రాన్స్‌లో 40 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. ఆపరేషన్ లేకుండా ఆరు వారాలు మందు వాడిన 20 మందిలో 12 మందికి, పన్నెండు వారాలు వాడిన 20 మందిలో 14 మందికి జబ్బు అదుపైంది. చిన్న పరీక్షే అయినా, రెట్టింపు కాలం వాడినందువల్ల పెద్ద లాభం కనిపించలేదు. ఎముక తీయనప్పుడు ఆరు వారాలు వాడాలన్నదే ఇప్పటి మార్గదర్శకం. చెడిన భాగం తీసేశాక, మిగిలిన ఎముక అంచులో ఇంకా క్రిమి ఉందని పరీక్షలో తేలితే మూడు వారాల వరకు.

మందంటే సెలైన్ సీసాలు, ఆస్పత్రి మంచమేనన్న భయం కూడా అక్కర్లేదు. బ్రిటన్‌లో 26 కేంద్రాల్లో రకరకాల ఎముక, కీళ్ల ఇన్ఫెక్షన్లున్న 1,054 మందిపై జరిగిన ‘ఒవీవా’ పరీక్ష ఫలితం 2019లో వెలువడింది. తొలి ఆరు వారాలు నోటి మాత్రలు ఇచ్చినా, నరానికి ఎక్కించినా ఏడాది తర్వాత ఫలితం దాదాపు ఒకటే. క్రిమికి సరిపడే మాత్ర దొరికి, కడుపులో నిలిస్తే చాలామంది ఇంటి దగ్గరే వైద్యం కొనసాగించుకోవచ్చు.

అయితే అందరికీ మందే చాలదు. పాదంలో చీము గూడు కట్టినా, వేలు నల్లబడి కుళ్లినా, చలి జ్వరంతో మనిషి నీరసపడినా, ఎముక చచ్చి పుండులోంచి బయటికి పొడుచుకొచ్చినా ఆలస్యం చేయకుండా శస్త్రచికిత్స చేయాల్సిందే. అది కూడా చాలాసార్లు ఒక వేలితోనో, చిన్న ఎముక ముక్కతోనో ఆగుతుంది. వేలు తీయడానికి భయపడి నెల వాయిదా వేసినవారే చివరికి కాలు పోగొట్టుకునే ప్రమాదం తెచ్చుకుంటారు.

ఇంకో మెలిక రక్తప్రసారం. రక్తంలో వెళ్లే మందు, రక్తం అందని చోటికి చేరదు. పాదం మీద నాడి అందుతోందా, చీలమండ దగ్గర రక్తపోటు ఎంత ఉందో చూడాలి. గొట్టాలు పూడుకుపోయి ఉంటే బెలూన్, స్టెంట్ లేదా బైపాస్‌తో దారి తెరవాలి. కాలు తీయాలన్న నిర్ణయానికి వచ్చేముందు ‘రక్తప్రసారం చూశారా డాక్టరుగారూ?’ అని అడిగే హక్కు ప్రతి రోగికీ, ఇంటివాళ్లకూ ఉంది.

ఆరు వారాల పరీక్ష

వైద్యం సగంలో ఆగేది ఎక్కువగా ఇక్కడే. రెండు వారాలకు వాపు దిగుతుంది. పుండు ఎర్రగా ఆరోగ్యంగా కనిపిస్తుంది. ‘తగ్గిపోయింది కదా, ఇంకా ఎందుకు’ అని మాత్రలు ఆపేస్తారు. మగ్గం మీద కూలీ పోతుందనో, కోతలకు పోవాలనో ఆస్పత్రికి వెళ్లరు. పైన మానినా ఎముకలో క్రిమి మిగిలే ఉంటుంది. మూడు నెలలకు తిరగబెడుతుంది. ఈసారి పాత మందుకు లొంగకపోవచ్చు.

మందు వాడుతున్నప్పుడు కనిపెట్టుకోవాల్సినవీ ఉన్నాయి. లినెజోలిడ్ రెండు వారాలు దాటి వాడితే రక్తకణాలు తగ్గే వీలుంది కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వాడేవారిలో షుగరు ఉన్నట్టుండి పడిపోవడం, పెరగడం జరగొచ్చు. మడమ వెనక నరంలా ఉండే స్నాయువు నొప్పెడితే వెంటనే చెప్పాలి. రిఫాంపిసిన్ వాడితే మూత్రం నారింజ రంగులో వస్తుంది. దానికి భయపడనక్కర్లేదు. కానీ దాన్ని ఒంటరిగా ఎప్పుడూ వాడకూడదు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి చాలా మందుల మోతాదు మార్చాలి. కిడ్నీ రిపోర్టు చూపించకుండా మాత్రలు రాయించుకోవద్దు.

లోకానికి దారి చూపిన వేలూరు

మందు, కత్తి సరే. మూడోది ఇంకా ముఖ్యం. పుండు మీద బరువు పడకుండా చూడటం. ఈ పాఠాన్ని ప్రపంచానికి చెప్పిన వారిలో మన వేలూరుకు పెద్దపీటే ఉంది.

తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో శస్త్రవైద్యుడిగా చేరారు. కుష్ఠు రోగుల వేళ్లు ఆ జబ్బు వల్లే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో అనుకునేవారు. నొప్పి తెలియక పదే పదే దెబ్బలు తగలడం వల్లే పాదాలు పాడవుతున్నాయని ఆయన, ఆయన సహచరులు గమనించారు. వేలూరుకు దగ్గరలోని కరిగిరి కుష్ఠు ఆస్పత్రి 1955లో మొదలైంది. పాదం ఆకారానికి అతికినట్టు వేసే పిండికట్టు, మెత్తటి ‘ఎంసీఆర్’ రబ్బరు అట్ట వేసిన చెప్పులు ఇక్కడి కుష్ఠు వైద్యంలో బాగా నలిగినవే. 1966లో అమెరికాలోని కార్‌విల్‌ కుష్ఠు ఆస్పత్రికి వెళ్లాక ఆయన ఈ పద్ధతినే అక్కడి మధుమేహులకూ అందించారు. నొప్పి తెలియని పాదం కుష్ఠు రోగిదైనా, చక్కెర రోగిదైనా ఒకటే కదా. 2003లో ఆయన కన్నుమూసే నాటికి ఈ కట్టు మధుమేహ పాద వైద్యంలో స్థిరపడింది.

అయితే ఎముకలో చీము ఉండగానో, రక్తప్రసారం బాగా తగ్గినప్పుడో విప్పడానికి వీల్లేని కట్టు వేయరు. రోజూ తీసి పుండు చూసుకునే బూటు, వేలికి బరువు పడని చెప్పు ఇస్తారు. అది ఇంట్లో కూడా వేసుకోవాలి. ‘బాత్రూముకే కదా’ అని నాలుగడుగులు వట్టికాళ్లతో వేసినా, రోజు మొత్తంలో అవి వందల అడుగులవుతాయి.

పక్కనే ఉన్న ఆంబూరు, రాణిపేటల్లో కుట్టిన బూట్లు విదేశాలకు ఎగుమతి అవుతున్నాయి. ఇదే గడ్డ మీద చక్కెర రోగులు మాత్రం అరిగిన హవాయి చెప్పులతో, గుడికైతే వట్టికాళ్లతో నడుస్తున్నారు. తిరువణ్ణామలైలో అరుణాచల గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు. తిరుమల మెట్లదీ అదే తీరు. స్పర్శ తగ్గినవారు వట్టికాళ్లతో నడిచే మొక్కును డాక్టరుతో మాట్లాడాకే పెట్టుకోవడం మంచిది. పుండు ఉన్నవారు అసలే వద్దు.

నాలుగు భాషల్లో ఒకే మాట

సరిహద్దు తెలుగువారికి ఇంకో చిక్కు ఉంది. చీటీ ఒక ఊళ్లో, ఎక్స్‌రే ఇంకో ఊళ్లో, ఆపరేషన్ మరో రాష్ట్రంలో. ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో ఇంకో భాష. ‘పుండు ఉంది’ అని చెప్పగలుగుతారు గానీ, ఎముక సంగతి అడగలేరు. ఆ ఒక్క మాట నేర్చుకుంటే చాలు. ఎముకను తమిళంలో ఎలుంబు, కన్నడంలో మూళె, మరాఠీలో హాడ్, ఒడియాలో హాడ అంటారు. ‘ఎముకకు పాకిందా? ఎముక ముక్క పరీక్షకు పంపారా? మందు ఎన్ని వారాలు?’ ఈ మూడు ప్రశ్నలు ఏ ఊరి డాక్టరునైనా అడగొచ్చు.

కాగితాలన్నీ ఒకే సంచిలో ఉంచండి. ఎక్స్‌రే ఫిల్ములు, కల్చర్ రిపోర్టు, వాడిన మాత్రల ఖాళీ అట్టలు, మొదలుపెట్టిన తేదీ. ఊరు మారినా వైద్యం తెగకుండా ఉండాలంటే ఆ సంచే ఆధారం.

మానిన తర్వాత...

పుండు మూసుకున్నంత మాత్రాన ఎముక బాగైందని చెప్పలేరు. మందు ఆపాక ఆరు నెలలు తిరగబెట్టకుండా ఉంటేనే జబ్బు తగ్గినట్టు లెక్క. పుండు మానిన వారిలో పదిమందికి నలుగురికి ఏడాదిలోపే మళ్లీ పుండు పడుతోందని వైద్యుల అంచనా. అందుకే జాగ్రత్త జీవితాంతం.

ఇవి మరవొద్దు

* రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. అరికాలు కనిపించకపోతే అద్దం పెట్టుకోవాలి. చూపు ఆననివారికి కోడలో, మనవడో చూడాలి.
* చెప్పు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలి.
* కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టొద్దు. నీళ్ల వేడి మోచేత్తో చూడాలి.
* ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవడం, ఆనె మందు పట్టీలు వేయడం వద్దు.
* గోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించాలి. మూలలు లోతుగా తీయొద్దు.
* ఏడాదికి కనీసం ఒకసారి పాదాల స్పర్శ, నాడి పరీక్ష చేయించాలి. ఒకసారి పుండు పడినవారు ఒకటి నుంచి మూడు నెలలకోసారి.
* బీడీ, సిగరెట్ మానాలి. షుగరు అదుపులో ఉంచాలి.
* పుండు పడితే ఆ రోజో మర్నాడో డాక్టరుకు చూపాలి. జ్వరం వచ్చినా, వేలు నల్లబడినా అదే రోజు.

వాకిట్లో చెప్పు మీద మరకను ఆ ఇల్లాలు కాకతాళీయంగా చూసింది. ఆ చూపు రోజూ పాదం మీదే పడితే ఎముక దాకా పోయే పనే ఉండదు. ఒకవేళ పోయినా, బెంబేలెత్తి కూర్చోకుండా కాగితాల సంచి పట్టుకుని బయల్దేరితే చాలామందికి దారి ఉంది. చక్కెర వ్యాధి ఉన్నవారింట ఈ రాత్రి పడుకునే ముందు ఒక్క నిమిషం... ఆ పాదాలు ఒకసారి వెలుతుర్లో చూడండి.